బ్రేక్ ఆయిల్ వెతుక్కుంటూ తెనాలి నుంచి తెనాలికి

సోమవారం ఉదయం ఆరూ నలభైకి తెనాలిలో బయల్దేరాం. కారు నేను నడుపుతున్నాను. మా ఆవిడ అరుణ ఎడమ పక్క సీట్లో కూర్చుంది. వెళ్ళేది బాపట్ల. చుట్టాలింటికీ కాదు, సముద్రస్నానానికీ కాదు, మా కారు బ్రేకు సంగతి తేల్చుకోవడానికి. సాయంత్రానికల్లా ఇంటికొచ్చి మా పుస్తకాల షాపు తెరుద్దామనుకున్నాను. తీరా ఆ పని తేలేసరికి మర్నాడు సాయంత్రమైంది. ఇంత తిరుగుడు ఇంకొకరికైనా తప్పుతుందేమోనని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా మనసులో బరువు కూడా కొంత దిగుతుందని ఆశ.

మూడు వారాల క్రితం ఒక గురువారం అరుణ పొన్నూరులో ఒక రైస్ మిల్లు ముందు పేర్చిన ఊక బస్తాలను కారుతో గుద్దింది. ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ప్రతి గురువారం కుట్టినవన్నీ తీసుకెళ్ళి పొన్నూరులో మా మరదలి బట్టల కొట్టులో ఇచ్చి వస్తుంది. నలభై ఆరేళ్ళ వయసులో డ్రైవింగ్ నేర్చుకుని, రెండేళ్ళుగా ఎవరి సాయం లేకుండా వెళ్ళి వస్తున్న మనిషి. ఆ రోజు ఎవరికీ దెబ్బ తగల్లేదు. బంపరు మాత్రం పగిలింది.

"బ్రేకు తొక్కితే పెడలు లోపలికంటా పోయిందండి. బస్తాలకి తగిలాక పదిసార్లు తొక్కితే మళ్ళీ పైకొచ్చింది. సెకండ్ గేరులో మెల్లగా వచ్చేశాను" అని చెప్పింది.

పోయిన బ్రేకు మళ్ళీ ఎలా వస్తుందో నాకు అర్థం కాలేదు. నాకు అర్థం కానిది జరిగి ఉండదని అనుకునే దురలవాటు నాకుంది. కంగారులో బ్రేకు అనుకుని క్లచ్చు తొక్కి ఉంటావన్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఆ సాయంత్రమే మా తమ్ముళ్ళకి, బావమరిదికి ఫోన్లు చేసి అదే చెప్పాను. మా పుస్తకాల షాపుకి వచ్చినవాళ్ళకీ చెప్పాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

శనివారం తెనాలిలో నేను ఎప్పుడూ చూపించే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూశాడు. నిండుగా ఉంది. కింద ఎక్కడా తడి లేదు.

"లెవెలు ఎప్పుడన్నా తగ్గుతోందా సార్?" అన్నాడు.

"ఎప్పుడూ నిండుగానే ఉంటుంది" అన్నాను. అబద్ధం కాదు.

"అయితే బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నట్టే. మేడమ్ గారు కంగారు పడి ఉంటారు."

 ఇంటికొచ్చాక అరుణ కారు తాళం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి జాకెట్ల సంచి పట్టుకుని బస్సులో వెళ్తోంది. బ్రేకు నిజంగా పోయిందని తేలితే తప్ప ఆమె మళ్ళీ స్టీరింగ్ పట్టుకోదని మూడు వారాలకి గాని నాకు తెలిసిరాలేదు. తేలిందంటే మాత్రం ఇంతమందికి చెప్పిన నేను తల ఎక్కడ పెట్టుకోవాలి? ఏది తేలాలని కోరుకోవాలో తెలియని స్థితిలో బయల్దేరాను.

చేబ్రోలు దాటి పొన్నూరు చేరేసరికి ఏడున్నర. బస్టాండు దాటాక అరుణ మొదటిసారి నోరు విప్పింది. "ఆ మిల్లు దగ్గర ఒక్క నిమిషం ఆగుదామా?"

"అక్కడ ఏముంది చూడ్డానికి? ప్రసాద్ ఎదురు చూస్తుంటాడు" అన్నాను.

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను ఆపలేదు.

ప్రసాద్ బాపట్లలో మెకానిక్, అరుణకి వరసకి తమ్ముడు. ఎనిమిదింపావుకి అతని షెడ్డు చేరాం. రాగానే నాలుగు చక్రాల కిందా, ఇంజను కిందా పాత న్యూస్ పేపర్లు పరిచాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి పెడలు ఇరవైసార్లు గట్టిగా తొక్కించాడు. "ఓ గంట అలా వదిలేద్దాం బావగారూ. కారేదుంటే పేపరే చెబుతుంది. మీరూ అక్కా టిఫిన్ చేసి రండి" అన్నాడు.

స్టేషన్ రోడ్డులో ఒక చిన్న హోటల్లో పెసరట్లు తిన్నాం. అల్లం బాగా దట్టించారు. పచ్చడి పలచన. వాటికోసం పని కట్టుకుని ఆగనక్కరలేదు. తిరిగొచ్చి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర పేపరు మీద అరచేయంత తడి.  ప్రసాద్ వేలితో తాకి, రెండు వేళ్ళ మధ్య రుద్ది, "ఇది ఏసీ నీళ్ళండి. బ్రేక్ ఆయిల్ అయితే జారుడుగా ఉంటుంది, కాసేపటికి ఆరిపోదు" అన్నాడు. మిగిలిన పేపర్లన్నీ పొడిగా ఉన్నాయి. ఊరట పడాలో, నిరుత్సాహపడాలో తెలియక "ఓహో" అన్నాను.

అప్పుడతను బ్రేక్ ఆయిల్ ఎక్కడెక్కడ కారవచ్చో వివరించాడు. డబ్బా కింద మాస్టర్ సిలిండర్ ఉంటుందట. అక్కణ్ణుంచి సన్నటి ఇనుప గొట్టాలు, చక్రాల దగ్గర రబ్బరు గొట్టాలు, చివర చక్రాల్లో చిన్న సిలిండర్లు. ఎక్కడైనా కారవచ్చు. ఒక్కోసారి బయటికి చుక్క కూడా పడకుండా చక్రం లోపలే కారవచ్చు. నేను బుద్ధిగా తలూపాను గాని సగం బుర్రకెక్కలేదు. అతను డబ్బా మూత తీసి, "కొంచెం తగ్గినట్టుంది బావగారూ" అన్నాడు.

"ఎండలకేమో" అన్నాను.

అతను నా వైపు అదోలా చూసి డబ్బా నింపాడు. గొట్టాల్లో గాలి చేరిందేమో చూద్దామన్నాడు. గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడలు తొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేయాలి. అది బిగించేదాకా పెడలు వదలకూడదు. ఆ తొక్కే ఉద్యోగం నాకు పడింది. "తొక్కండి... పట్టుకోండి" అంటున్నాడు. మూడోసారి ఫోను మోగితే, జేబులో చెయ్యి పెడుతూ కాలు ఎత్తేశాను. "వదలమన్నానా బావగారూ? గాలి పోవడం పోయి ఇంకా లోపలికి లాగేసింది" అని విసుక్కుని మళ్ళీ మొదటినుంచి తీశాడు. అరుణ స్టూలు మీద కూర్చుని చూస్తోంది. నవ్వితే బాగుండుననిపించింది. నవ్వలేదు.

చివరికి లోపల కారుతోందేమో చూడ్డానికి వెనక చక్రాల డ్రమ్ములు విప్పుదామంటే అవి తుప్పుకి పట్టేసి ఊడిరాలేదు. ఈ కారు మేం కొనకముందు రేపల్లెలో ఒక చేపల వ్యాపారి దగ్గర తిరిగింది. ఐసు పెట్టెలు మోసి మోసి ఉప్పునీళ్ళు తాగింది. "గట్టిగా కొడితే పగుల్తాయి. దీన్ని మొదట్నుంచి చూసినాయన రేపల్లెలో ఉంటాడుగా, ఆయనకైతే దీని సంగతులు తెలుసు. అక్కడికి తీసుకెళ్ళండి" అన్నాడు ప్రసాద్. డబ్బులు తీసుకోనన్నాడు. పైగా వెళ్ళేముందు కారంతా తుడిచి ఇచ్చాడు.

బాపట్లలోనే భోజనం చేసి పన్నెండున్నరకి కదిలాం. కర్లపాలెం మీదుగా చెరుకుపల్లి చేరేసరికి ఒకటిన్నర దాటింది. ఎండ చురుక్కుమంటోంది. కారు బాగానే ఆగుతోంది. తెనాలి మెకానిక్ చెప్పిందే నిజమేమోనని నాలో నేను సర్దుకోవడం కూడా మొదలుపెట్టాను.

రేపల్లె ఇంకో కిలోమీటరు ఉందనగా రోడ్డుకి అడ్డంగా బాతుల మంద దిగింది. రెండు వందలైనా ఉంటాయి. బ్రేకు తొక్కాను. పెడలు మెత్తగా, దూదిలోకి దిగినట్టు అడుగుదాకా పోయింది. కారు పోతూనే ఉంది. అరుణ చెయ్యి చాచి హ్యాండ్ బ్రేకు లాగింది. కారు ఊగి, మార్జిన్‌లోకి దిగి ఆగింది. బాతుల్లో ఒక్కదానికీ ఏమీ కాలేదు. 

బాతుల మనిషి కర్ర పట్టుకుని వచ్చాడు. "ఏంటి బాబాయ్, ఇంత మంద కనపళ్ళేదా?"

"బ్రేకు పడలేదయ్యా. పెడలు లోపలికంటా పోయింది" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గాని అది ఎవరి మాటో నాకు తట్టలేదు. పక్కకి చూసే ధైర్యం లేక పెడలు మళ్ళీ మళ్ళీ తొక్కాను. పది, పన్నెండు సార్లకి మెల్లగా గట్టిపడి పైకొచ్చింది. అరుణ అప్పటికి కిందికి దిగింది. "నేను ముందు నడుస్తాను. మీరు ఫస్ట్ గేరులో వెనకాల రండి" అంది. ఆ కిలోమీటరూ ఆమె చీర కొంగు నెత్తిన కప్పుకుని, వచ్చే ఆటోలకి, సైకిళ్ళకి చెయ్యి అడ్డం పెడుతూ నడిచింది. నేను ఆమె వెనకే పాక్కుంటూ వచ్చాను. రేపల్లెలో అలా ప్రవేశించినవాళ్ళు ఇంకెవరూ ఉండి ఉండరు.

మెకానిక్ పేరు సుభానీ. అరవై ఏళ్ళుంటాయి. బండిని చూడగానే గుర్తు పట్టాడు. డ్రమ్ము అంచుల చుట్టూ నూనె వేసి, గంటసేపు చిన్న సుత్తితో ఓపిగ్గా తట్టాడు. కుడి వెనక చక్రం డ్రమ్ము ఊడొచ్చేసరికి నాలుగైంది. లోపలంతా నల్లటి బురద. వేలికి అంటించుకుని నా వేలికి కూడా రాశాడు. జారుడుగా ఉంది.

"ఇదిగోండి మీ దొంగ. సిలిండర్లో ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు కప్పు చిరిగిపోయింది. ఆయిలంతా బ్రేకు లైనర్లే తాగేశాయి. నెలల నుంచి కారుతోంది సార్ ఇది. డబ్బాలో లెవెలు తగ్గి ఉండాలే, చూసుకోలేదా?"

"ఎప్పుడూ నిండుగానే ఉండేదండీ" అన్నాను మళ్ళీ.

"శుక్రవారం శుక్రవారం ఈయన పోస్తారు" అంది అరుణ.

సుభానీ సుత్తి కింద పెట్టాడు. "ప్రతి వారమా?"

అవును, ప్రతి వారం. మా ఇంట్లో శుక్రవారం ఏదీ వెలితిగా ఉండకూడదంటారు. మా అమ్మ పొద్దున్నే బియ్యం డబ్బా, నూనె సీసా, ఉప్పు జాడీ నింపేది. నేను కారు కొన్నాక ఆ నియమాన్ని కారుకి కూడా పట్టించాను. తెల్లవారగానే రెండు బకెట్ల నీళ్ళతో చక్రాల లోపలికంటా కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, బానెట్ ఎత్తి ఉన్న డబ్బాలన్నీ అంచుదాకా నింపుతాను. వైపర్ నీళ్ళు, కూలెంటు, బ్రేక్ ఆయిలు. బ్రేక్ ఆయిల్ సీసా విడిగా కొని దేవుడి గూటి పక్కనే పెట్టుకున్నాను. బండి అన్నాక ఏదో ఒకటి తాగుతుందిలే అనుకున్నాను గాని, అది ఖర్చయ్యే వస్తువు కాదని నాకు తెలియదు.

"అది పెట్రోలు కాదు సార్, తగ్గడానికి. లైనర్లు అరిగితే ఏడాదికి ఓ వేలెడు దిగుతుందంతే. వారం వారం తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. పైగా అది నీళ్ళల్లో కలిసిపోయే సరుకు. చక్రం లోపల కారిన మరకంతా మీరే కడిగేస్తున్నారు, తగ్గింది మీరే నింపేస్తున్నారు. ఇంక ఎవడికి కనపడుద్ది?" అన్నాడు సుభానీ. కోపంగా కాదు, జాలిగా.

ఆ సిలిండరు రేపల్లెలో దొరకలేదు. రెండు వైపులకీ కొత్తవి, లైనర్లు కూడా తెనాలి నుంచి తెమ్మన్నాడు. కారు అక్కడే వదిలి సాయంత్రం తెనాలి ప్యాసింజరెక్కాం. కిటికీ సీట్లు దొరికాయి. ఎదురుగా ఖాళీ చేపల గిన్నెలు పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. భట్టిప్రోలు దాటేలోపు మా కథంతా రాబట్టింది.

"నీకూ బండి నడపడం వచ్చా అమ్మా?" అని అడిగింది అరుణని.

"వచ్చేదమ్మా" అంది అరుణ.

ఆ మాట నాకు సూదిలా దిగింది. వేమూరు, జంపని వచ్చి వెళ్ళాయి. నేను ఆమెతో చెప్పవలసిన మాట ఒకటి ఉంది. అది చెప్పకుండానే తెనాలిలో దిగాను.

మంగళవారం తొమ్మిదికి స్పేర్ పార్ట్స్ షాపు తీయగానే సామాను కొని, పదిగంటల ప్రాంతంలో రైలెక్కి పదకొండుంపావుకి మళ్ళీ రేపల్లెలో దిగాం. సుభానీ ఒంటిగంటకి రెండు చక్రాలూ బిగించాడు. గాలి తీయడానికి పెడలు తొక్కేందుకు నేను లేవబోతే అరుణ నాకంటే ముందు వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. మూడు వారాల తర్వాత కూర్చోవడం అదే. "తొక్కమ్మా" అంటే తొక్కింది, "పట్టుకో" అంటే పట్టుకుంది. నాలుగు చక్రాలూ అయ్యేదాకా ఒక్కసారి కూడా ముందుగా వదల్లేదు.

"కాలు నిలకడగా ఉందమ్మా. ఓ చుట్టు తిప్పి చూసి రా" అన్నాడు సుభానీ. తాళం నా చేతికివ్వలేదు. ఆమె బస్టాండు దాకా వెళ్ళి, దారిలో నాలుగుసార్లు ఆపి చూసుకుని వచ్చింది. "బాగుందన్నా" అంది అతనితో.

వచ్చేటప్పుడు అతను నాకు చెప్పిన జాగ్రత్తలు ఇవి. డబ్బా మీద లెవెలు దగ్గర పెన్నుతో గీత గీయాలి, దిగితే పోసేముందు కారణం వెతకాలి. చక్రాలు కడిగేముందు లోపలి వైపు చేత్తో తడిమి చూడాలి. పెడలు మెత్తబడిందంటే మర్నాడు చూద్దామనుకోకూడదు. మూత తీసి ఎక్కువ రోజులైన సీసాలో ఆయిలు వాడకూడదు. నాలుగూ నేను తప్పినవే.

రెండింటికి బయల్దేరాం. అరుణ నడుపుతోంది. ఊరు దాటాక నేను గొంతు సవరించుకున్నాను. మొదటిరోజు నుంచి మోస్తున్న మాట ఇంక దాచడం నావల్ల కాలేదు.

"నువ్వు బస్తాలకి గుద్దిన మర్నాడు శుక్రవారం కదా. పొద్దున్నే డబ్బా మూత తీశాను. దాదాపు అడుగంటి ఉంది. సగం సీసా పట్టింది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది అరుణా. కానీ ముందురోజే అందరికీ చెప్పేశాను. పోసేసి, మూత పెట్టేసి ఊరుకున్నాను. శనివారం మెకానిక్ నిండుగా ఉందంటే కూడా ఊరుకున్నాను."

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. మొహం ఎర్రబడింది. ఒక ట్రాక్టరుని దాటి, గేరు మార్చింది. తిడితే తేలికపడేవాణ్ణి. భట్టిప్రోలు వైపు వెళ్ళాల్సిన కారు చెరుకుపల్లి వైపు పోతోందని అప్పటికి గమనించాను.

"ఇది మన దారి కాదు కదా" అన్నాను.

"పొన్నూరు మీదుగా వెళ్దాం. ఊరందరికీ చెప్పారుగా, ఆ మిల్లు వాళ్ళకి కూడా చెబుదురుగాని" అంది.

మూడున్నర దాటాక మిల్లు ముందు ఆపింది. ఊక బస్తాలు ఆ వేళ కూడా గోడకి పేర్చి ఉన్నాయి. వాటికి మూరెడు దూరంలో కారు నిలబడింది. ఆమె దిగలేదు, నేను దిగాను. లోపల బల్ల దగ్గర గుమాస్తా కాబోలు, కళ్ళజోడాయన కూర్చుని ఉన్నాడు. కారుని చూసి గుర్తు పట్టి లేచి వచ్చాడు.

"మూడు వారాల క్రితం మా ఆవిడ మీ బస్తాలకి గుద్దిందండి. తప్పు ఆవిడది కాదండి, నాది. బ్రేక్ ఆయిల్ కారిపోతుంటే నేను చూసుకోలేదు" అన్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన నన్ను వింతగా చూశాడు. "అది మాకు ఆ రోజే తెలుసండి. ఎదురుగా స్కూలు పిల్లల ఆటో ఉంది. బ్రేకు పడకపోయేసరికి ఆవిడ చూసి చూసి మెత్తగా ఉంటాయని మా బస్తాల మీదికి తిప్పారు. మా లారీ డ్రైవరు కూడా పెడలు తొక్కి చూసి బ్రేకు లేదన్నాడు. మీ ఆయనకి ఫోన్ చేయనా అమ్మా అంటే, వద్దండీ, ఇంటికెళ్ళి చెబుతానన్నారు. చెప్పలేదాండి?"

ఆటో సంగతి ఆమె చెప్పలేదు. చెప్పబోయే ఉంటుంది. క్లచ్చు, బ్రేకు అంటూ నేను నవ్విన చోట ఆపేసి ఉంటుంది.

"చెప్పిందండి" అన్నాను.

పొన్నూరు నుంచి తెనాలి గంట ప్రయాణం. ఆ గంటలో మా తమ్ముళ్ళిద్దరికీ, బావమరిదికీ ఫోన్లు చేశాను. అరుణ వినేలా స్పీకరు పెట్టి చేశాను. మా చిన్న తమ్ముడు అర్థం కాక, "మరి ఆ రోజు అలా చెప్పావేంటి అన్నయ్యా?" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ జవాబు చెప్పాను. అరుణ కారు ఎక్కడా కుదుపు లేకుండా నడుపుతోంది.